ఇద్దరు పట్టే టెంటు

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 6.

అభిరామ్ గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. ఇది నాలుగోది. ఇది బాగా రాకపోయినా ఇదే పంపించేస్తాను, ఇక నా వల్ల కాదు. బళ్లో సెలవు చీటీ తప్ప నేను ఎవరికీ ఉత్తరం రాసిన పాపాన పోలేదు.

అంతా ఆ ఇందిరాదేవి మేడం పుణ్యం. కోర్టులో కౌన్సెలింగ్ చేసే ఆవిడ మన విడాకుల కాగితాలు తిరగేసి, కళ్లజోడు పైకి తోసుకుని ఏమడిగిందో గుర్తుందా? "గొడవేంది మీ ఇద్దరికి?" ఏం లేదన్నాను. "తాగుతడా? కొడతడా? ఇంకెవరన్న ఉన్నరా?" మీరేమో గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు. లేదు మేడం, లేదు మేడం అని నేనే చెప్పుకొచ్చాను. "పదకొండేండ్లు కొట్లాడకుండ ఎట్ల ఉన్నరమ్మా?" అని ఆవిడే పరేషాన్ అయింది. చివరికి తీర్పు చెప్పినట్టు చెప్పింది. "ఆరు నెలలు ఫోన్లు బంద్, మెసేజులు బంద్. పోస్టుల ఉత్తరాలు రాసుకోండ్రి. ముట్టినంకనే జవాబు రాయుండ్రి. మార్చి పదమూడుకు రాండ్రి. సంతకం పెడ్తరో, కాగితం చింపేస్తరో మీ ఇష్టం."

నాకు నవ్వొచ్చింది. ఇక్కడి నుంచి మన ఇంటికి, అంటే మీ ఇంటికి, మెట్రోలో మూడో స్టేషన్. కాలినడకన బయలుదేరినా గంటలో ఎల్బీనగర్ చేరతాను. పోస్టు డబ్బాలో వేస్తే మూడు రోజులట.

కౌసల్యమ్మ గారి మేడ మీద గది బాగానే ఉంది. కిటికీ తీస్తే ఎదురుగా కోచింగ్ సెంటరు. పొద్దుటి నుంచి పిల్లలు సూత్రాలు వల్లె వేస్తుంటారు. నాకూ రెండు వచ్చేశాయి. కళ్లద్దాల దుకాణంలో పని ఎప్పటిలాగే. వచ్చినవాళ్ల కంటి ముందు అద్దాలు మార్చి మార్చి "ఇది మంచిగుందా, ముందుది మంచిగుందా?" అని సాయంత్రం దాకా అడగడమే. సాయంత్రం గదికొచ్చాక ఎవరితోనూ మాట ఉండదు. టీవీ కూడా కొనలేదు.

అసలు సంగతి మర్చిపోయాను. డిసెంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మూడు రోజుల పాటల పండగకి నిరుడు టికెట్లు కొన్నాం కదా, టెంటుతో సహా. అవి మన ఇద్దరి పేర్ల మీదే ఉన్నాయి. వేరేవాళ్లకు ఇవ్వడం కుదరదట, వాపసు తీసుకోరట. మీకు ఇష్టం కాబట్టి మీరు వెళ్లండి. నా గురించి ఆలోచించకండి.

జ్యోతిక

—

ఎల్బీనగర్,
అక్టోబరు 17.

ప్రియమైన జ్యోతికకు,

'ప్రియమైన' అని రాయొచ్చో లేదో తెలియలేదు. రాసేశాను. నీకు ఇబ్బందిగా ఉంటే కొట్టేసి చదువుకో.

నేను బాగానే ఉన్నాను. ట్రావెల్స్ ఆఫీసులో పండగ రద్దీ. సాయంత్రం అయిదు నుంచి విజయవాడ బస్సులూ గుంటూరు బస్సులూ వరసగా వచ్చి ఫ్లైఓవరు కింద ఆగుతాయి. అందరినీ ఎక్కించి, ఆఖరి బస్సు కదిలాక షట్టరు దించి ఇంటికి వస్తాను. ఇంటికి రావడానికి తొందరేమీ ఉండడం లేదు. ఒక్కోరోజు బస్సు బయలుదేరాక కూడా కాసేపు అక్కడే నిలబడుతున్నాను.

అన్నం ఒక్కడికి వండుకోవడం చేతకావడం లేదు. ఇంకోటి, పాలు వేసే మట్టయ్య ఇప్పటికీ రెండు ప్యాకెట్లే వేసి వెళ్తున్నాడు. ఒకటి చాలని చెప్పాలంటే ఎందుకని అడుగుతాడు. అందుకని చెప్పలేదు. ఫ్రిజ్‌లో తొమ్మిది ప్యాకెట్లు ఉన్నాయి. తోడు పెట్టి తోడు పెట్టి, ఇంట్లో ఎటు చూసినా పెరుగే. నిన్న పై అంతస్తు రాఘవేంద్ర గారికి ఒక గిన్నె ఇచ్చాను. ఆయన గిన్నె తిరిగిస్తూ "చెల్లెమ్మ ఊరెళ్లిందా?" అన్నారు. అవునన్నాను.

పాటల పండగ సంగతి. నేనొక్కడినే వెళ్తే ఏం బాగుంటుంది? టెంటు ఇద్దరు పట్టేది. నీకు అలాంటివి ఇష్టం కూడాను. నీకు ఇబ్బంది లేకపోతే ఇద్దరం వెళ్దాం. ఇబ్బంది అయితే వద్దు. ఇందిరాదేవి గారు ఫోన్లే వద్దన్నారు గానీ మనుషులు కలుసుకోవద్దని అనలేదు.

అభిరామ్

—

దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 9.

అభిరామ్ గారికి,

మీకు ఇబ్బంది లేకపోతే నాకూ లేదు. డిసెంబరు పదమూడు శుక్రవారం పదకొండు గంటలకు ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద నిలబడతాను. టెంటు మీరు తెండి. దుప్పట్లూ చాపా తిండీ నేను తెస్తాను. మీకిష్టమని పులిహోర చేస్తాను, మూడు రోజులకూ సరిపడా.

మట్టయ్యకు ఒక్క మాట చెప్పలేరా? "ఒకటి చాలయ్యా" అనడానికి నోరు రాదా? మీ పెరుగు బాగోతం చదివి నవ్వుకుని, తర్వాత చాలాసేపు బాధపడ్డాను. ఆదివారాలు ఇక్కడ నాకూ ఏం తోచడం లేదు. కిందటివారం మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా వచ్చాను. ప్లాట్‌ఫారం మీదే నిలబడి మళ్లీ అదే రైల్లో వెనక్కి వచ్చేశాను. దిగి రావచ్చు కదా అంటారేమో. మీరు ఏ పనిలో ఉన్నారో ఏమో అనుకున్నాను.

జ్యోతిక

—

ఎల్బీనగర్,
డిసెంబరు 22.

జ్యోతికా,

టెంటు మంచుకి తడిసి ముద్దయింది, ఇంకా ఆరలేదు. బాల్కనీలో తాడు కట్టి ఆరేశాను.

నువ్వూ అక్కడే ఉన్నావు కదా, మళ్లీ రాయడమెందుకు అనుకుంటావు. అక్కడ నేను పైకి అన్నది ఒకటి, లోపల అనుకున్నది ఒకటి. అనుకున్నది రాస్తున్నాను.

గేటు దగ్గర కాపలా ఉన్న సైదమ్మ మన స్టీలు డబ్బా మూత తీసి చూసి "బయటి తిండి లోపల నడవదమ్మా" అంది. "మూడు రోజులకు చేసిన పులిహోర అక్కా, పారేయమంటవా?" అన్నావు నువ్వు. "పారేసుడెందుకు? ఈన్నే కూసోని తినుండ్రి, ఎవరొద్దన్నరు?" అంది. నిజంగానే కూర్చున్నాం, గేటు పక్కన కంకర కుప్ప నీడలో. చేతికి రంగు పట్టీలు కట్టించుకున్న కుర్రకారంతా మనల్ని చూసుకుంటూ లోపలికి పోతున్నారు. సైదమ్మకీ ఆమెతో ఉన్న ఇద్దరికీ పెట్టావు. నాకు నాలుగుసార్లు వడ్డించావు. "మీకిష్టం కదా" అంటూ వడ్డించావు. నాలుగుసార్లూ తిన్నాను.

తర్వాత టెంటు. ఈ కర్ర ఇటా అటా అని నేనంటే "మీ ఇష్టం" అన్నావు. తలుపు ఎటు పెడదామని నువ్వంటే "నీకెలా బాగుంటే అలా" అన్నాను. గంటన్నర పట్టింది మనకి. పక్క టెంటు వాళ్లను చూశావా? ఆ అమ్మాయి "నీకు బుర్రుందా?" అంటే, అతను "నువ్వే చేసుకో పో" అని కర్ర విసిరేశాడు. తిట్టుకుంటూనే పది నిమిషాల్లో టెంటు లేపేశారు. లోపలికి దూరి పకపకా నవ్వుకున్నారు. నాకు వాళ్ల మీద ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను.

ఇప్పుడు అసలు మాట. ఆ పాటల్లో నాకు ఒక్కటి కూడా నచ్చలేదు. ఆ మోతకి గుండె అదిరింది, చెవుల్లో నొప్పి పుట్టింది. నువ్వు "బాగుంది కదా" అన్నప్పుడల్లా "చాలా బాగుంది" అన్నాను. నిరుడు మెట్రో స్టేషన్లో ఆ పోస్టరు ముందు ఆగి "భలే ఉంది కదా" అన్నావు. నీకిష్టమని ఆ రాత్రే టికెట్లు కొన్నాను. నేల మీద పడుకోవడం నాకు పడదు, నడుము పట్టేసింది. అదీ చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. నాకు పులిహోర ఇష్టం లేదు. చింతపండు తింటే గుండెల్లో మంట. మొదటిసారి నువ్వు చేసి తెచ్చినప్పుడు బాగుందన్నాను, ఇక మళ్లీ కాదనలేకపోయాను. ఈ ఒక్క ముక్క రాయడానికి గంట పట్టింది. పులిహోర గురించి చెప్పడానికి ఇంత భయమా అని నవ్వుతావు. నిజంగానే భయంగా ఉంది జ్యోతికా.

అభిరామ్

—

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 2.

అభిరామ్,

గారు తీసేశాను. పెళ్లికి ముందు 'నువ్వు' అనే పిలిచేదాన్ని. మీ అమ్మగారు ఒకసారి విని ముఖం అదోలా పెట్టారని 'మీరు' అనడం మొదలుపెట్టాను. అలా పిలవమని నువ్వు అడగలేదు. వద్దనీ అనలేదు.

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. గట్టిగా నవ్వేశాను. కళ్లు చూపించుకోవడానికి కూర్చున్న రామస్వామి సారు "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఏం లేదు సార్ అని చెప్తుండగానే ఏడుపొచ్చింది. పాపం, ఆయనే లేచి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నాకా ఆ పాటలు ఇష్టం? ఆ పోస్టరు ముందు ఆగింది ఎవరు? నువ్వు! కళ్లార్పకుండా చూస్తున్నావు కదా, పక్కన నిలబడి ఏదో ఒకటి అనాలి కదా అని "భలే ఉంది" అన్నాను. మూడు రోజులూ నీ కోసమే తల ఊపాను. పులిహోర సంగతి కూడా విను. మా ఇంట్లో ప్రయాణానికి పులిహోర ఎవరు చేశారు? మా నల్గొండలో సద్దరొట్టెలు, అదే సజ్జ రొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు కట్టుకుని పోయేవాళ్లం. మీ ఆంధ్రోళ్లకు అదే ప్రాణమని మీ అమ్మగారి దగ్గర కష్టపడి నేర్చుకున్నాను. చేసిన ప్రతిసారీ పోపు పొగకి దగ్గు. నీకు ఇష్టం లేక, నాకు ఇష్టం లేక, పదకొండేళ్లు ఎవరి కోసం చేసినట్టు?

ఎందుకిలా అయిందో నాకు తెలుసు. "ఆంధ్రోళ్ల పిలగాడు మనకొద్దు బిడ్డా" అని మా నాయన లింగస్వామి మొత్తుకున్నాడు. మీ అమ్మ విజయదుర్గ గారు నాలుగు రోజులు అన్నం మానేశారు. అందరి నోటా వద్దు, వద్దు అనే విన్నాం. మన ఇద్దరి మధ్య ఆ మాట రానివ్వొద్దని కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు బస్టాపులో ఒట్టు పెట్టుకున్నాం. ఎంత మురిసిపోయామో ఆ రోజు. ఆ ఒట్టు ఇద్దరం తప్పలేదు చూడు.

ఆ మూడు రోజుల్లో నాకు నచ్చింది ఒక్కటే. ఆదివారం పొద్దున, ఇంకా మైకులు మొదలు కాలేదు. చాప మీద కూర్చుని నా చెప్పుల్లో దిగిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీశావు. ఏం మాట్లాడలేదు, ఎలా ఉందని అడగలేదు. ఆ అరగంట బాగుంది. ఇది నిజంగా చెప్తున్నాను.

ఇప్పుడు భయం వేస్తున్న సంగతి. ఆగస్టులో అన్నం తింటూ "విడిగా ఉంటే నయమేమో" అన్నాను. నీకే కావాలేమో, అడగలేకపోతున్నావేమో అని అన్నాను. నువ్వు తలెత్తకుండా "నీ ఇష్టం" అన్నావు. ఏడాదిగా విడివిడిగా ఉంటున్నామని వకీలు కాగితంలో రాస్తే, కాదండీ అని చెప్పడానికి కూడా ఇద్దరికీ నోరు రాలేదు. విడాకులు కూడా పులిహోరేనా అభిరామ్?

ఒక పని చేద్దాం. దీనికి జవాబు రాయకు. ఫిబ్రవరి పదిన నువ్వొకటి, నేనొకటి రాసి అదే రోజు డబ్బాలో వేద్దాం. నాది నీకు అందకముందే నీది వెళ్లిపోవాలి. విడాకులు కావాలా, వద్దా, అంతే. నాకేం కావాలో ఆలోచించి రాశావో, చూడు మరి. మేడం పద్ధతి తప్పుతాం. తప్పనీ.

జ్యోతిక

—

ఎల్బీనగర్,
ఫిబ్రవరి 10.

జ్యోతికా,

నాకు వద్దు.

నాకు విడాకులు వద్దు. ఆగస్టులోనూ వద్దు. "నీ ఇష్టం" అని చేయి కడుక్కుని, బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. నీకు వినపడుతుందేమోనని కుళాయి తిప్పాను. వినపడాల్సింది.

నువ్వు రావాలి. వచ్చి నన్ను తిట్టు. సద్దరొట్టె చేయడం నేర్పించు, మాడిస్తే నా మీద కేకలెయ్యి. నేనూ అరుస్తాను, ప్రయత్నిస్తాను. నడుము నొప్పి అని చెప్తాను, ఈ సినిమా వద్దు అని చెప్తాను. ఆ పక్క టెంటు వాళ్లలా ఉందాం.

మట్టయ్యకి ఇంకా చెప్పలేదు. ఇదివరకు చెప్పలేక ఊరుకున్నాను. ఇప్పుడు నువ్వొస్తావని ఊరుకున్నాను.

నీ జవాబు ఏమిటో తెలియకుండా రాయడం చాలా కష్టంగా ఉంది. రాశాను. ఇంకో నిమిషం ఆగితే కొట్టేస్తాను, అందుకని ఇప్పుడే వెళ్లి డబ్బాలో వేస్తున్నాను.

అభిరామ్

—

దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 10.

అభిరామ్,

నాకు కావాలి.

రాసి చాలాసేపు ఆ మాట వంకే చూశాను. మార్చాలనిపించలేదు. నువ్వు వద్దని రాస్తున్నావని నాకు తెలుసు. నీతో పదకొండేళ్లు ఉన్నాను, ఆమాత్రం తెలియదా? తెలిసి కూడా నేను ఇది రాయగలిగాను. నాకు భయంగానూ ఉంది, లోపలెక్కడో గర్వంగానూ ఉంది.

నీ మీద కోపం లేదు. నీ ఉత్తరాలంటే ఇష్టం. ఇంత మంచి మనిషిని వదిలి పోవడమేమిటని మా నాయన ఇప్పటికీ తిడుతున్నాడు, పెళ్లి వద్దన్న నోటితోనే. కానీ ఆ టెంటులో నీ పక్కన పడుకున్నప్పుడు ఎంత ఒంటరిగా అనిపించిందో, ఈ గదిలో ఒక్కదాన్నే పడుకున్న ఏ రోజూ అంత అనిపించలేదు. నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు. నేను నిద్రపోలేదని నీకు తెలుసు. కదిలితే ఎదుటి మనిషికి ఇబ్బంది అని ఇద్దరం కట్టెల్లా పడుకున్నాం.

ఇక్కడా ఒంటరిగానే ఉంది. ఆదివారాలు గడవవు. జ్వరమొస్తే అడిగేవాళ్లు లేరు. కానీ నాకు ఏం కావాలో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. చిన్న సంగతులే. నాకు ఫ్యాను వద్దు, కిటికీ చాలు. టీ వద్దు. పొద్దున ఎవరూ మాట్లాడకపోతే హాయిగా ఉంటుంది. ముప్పై ఏడేళ్లకు ఇవి తెలుసుకుంటున్నాను, నవ్వకు.

తిరిగొస్తే నువ్వు మారతావు, నమ్ముతాను. నా మీదే నాకు నమ్మకం లేదు. వారం రోజుల్లో మళ్లీ "మీ ఇష్టం" అంటాను. నీ ముఖం చూస్తే నాకు వద్దనడం రాదు. కాగితం మీద వచ్చింది.

నన్ను మన్నించు.

జ్యోతిక

—

ఎల్బీనగర్,
ఫిబ్రవరి 25.

జ్యోతికా,

నీ ఉత్తరం పదమూడున వచ్చింది. వెంటనే జవాబు రాశాను. "నీ ఇష్టం" అని రాశాను. చదువుకుని చింపేశాను.

తర్వాత కోపం వచ్చింది. నీ మీదే. నేను వద్దని రాస్తానని తెలిసీ ఎలా రాశావు? ఆఫీసులో ఒకాయన సీటు మార్చమని గొడవ చేస్తే ఆయన మీద అరిచాను. ఆయన బిత్తరపోయాడు. నేను కూడా.

ఆదివారం టెంటు హాల్లో వేశాను. ఒక్కడినే వేశాను, తలుపు వంటింటి వైపు పెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. లోపల కూర్చుంటే ఇంకో మనిషి పట్టేంత చోటు అలాగే ఉంది. సాయంత్రం దాకా అందులోనే ఉన్నాను.

నేను వద్దంటే ఈ కేసు ఆగిపోతుందట, వకీలు చెప్పారు. ఆపేద్దామనే అనుకున్నాను, నీ దగ్గర దాచను. కానీ నిన్ను తీసుకొచ్చి ఈ ఇంట్లో కూర్చోబెడితే నువ్వు మళ్లీ "బాగుంది" అంటావు. ఆ మాట ఇక నేను వినలేను. అందుకని మార్చి పదమూడున వస్తాను. ఇష్టమేనా అని అడిగితే అవునంటాను. మొహమాటానికి అంటున్నానని అనుకోకు. నాకు ఇష్టం లేదు. చాలా బాధగా ఉంది. అయినా అంటాను.

ఇందిరాదేవి గారి రూలు ఆ రోజుతో అయిపోతుంది. ఆ తర్వాత ఉత్తరం రాయాలనిపిస్తే రాయి. అనిపించకపోతే రాయకు, నాకోసమని రాయకు.

పదిన్నరకి కోర్టు మెట్ల దగ్గర ఉంటాను. తినడానికి ఏమీ తేవద్దు.

ఇవాళ పొద్దున మట్టయ్య వచ్చేదాకా తలుపు తీసుకుని నిలబడ్డాను. రేపటి నుంచి ఒకటే ప్యాకెట్ చాలని చెప్పాను. "అమ్మ ఇగ రాదా సారూ?" అన్నాడు.

రాదని చెప్పాను.

అభిరామ్